సంతకం ముందు, అచ్చు తర్వాత

ప్రెస్సు తలుపుకు లోపలినుంచి గడియ పడింది. పోయిన వారం కథ అక్కడ ఆపాం. అది చదవనివాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

ప్లీడరు గారింట్లో పైన కాపురం, కింద ప్రెస్సు. పొద్దున కోర్టులో నల్లకోటు, సాయంత్రం ప్రెస్సులో నాలుగు పేజీల దినపత్రిక. ఇరవై ఏళ్ళు ఇలాగే నడిచింది. కూలీల కేసులు ఉత్తపుణ్యానికి వాదించారు. పేపర్లో రాసినందుకు ఎనిమిది నెలలు జైల్లో ఉన్నారు. చివరికి జనం ఆయన్ని రాజధానికి, పెద్ద సభకు పంపించారు.

ఈలోగా క్వారీలో ముగ్గురు కూలీలను చంపి, ఎవరికీ తెలియకుండా లారీలో ఎత్తుకుపోయారు. ఖాళీగా పోవలసిన లారీ కాటా మీద రెండు క్వింటాళ్ళు ఎక్కువ తూగింది. కాటా గుమాస్తా టార్పాలిన్ ఎత్తి చూశాడు. చూసింది చూసినట్టు కోర్టుకు ప్రమాణపత్రం రాసి ప్లీడరు గారి చేతిలో పెట్టాడు. సోమవారం అది పేపర్లో పొల్లుపోకుండా అచ్చయింది. ప్లీడరు గారు అదే రోజు సభలో చదివారు. క్వారీ వెనకున్న మంత్రి పదవి ఊడింది. రేపు, శుక్రవారం పొద్దున, ప్లీడరు గారే న్యాయశాఖ మంత్రిగా ప్రమాణం చేయబోతున్నారు.

కానీ అచ్చయిన ప్రమాణపత్రంలో గుమాస్తా పేరు పక్కన వీధీ, డోరు నంబరూ కూడా పడ్డాయి. మంగళవారం పొద్దున గుమ్మంలో నిలబడి పళ్ళు తోముకుంటున్న మనిషిని ఇద్దరు వచ్చి పొడిచి పోయారు.

ఇవాళ గురువారం. పొద్దున పది. పనివాళ్ళకు సెలవు. ప్రెస్సులో ఇద్దరే ఉన్నారు.

ఒకడు ఫోర్‌మన్. ప్లీడరు గారి భార్యకు సొంత తమ్ముడు. సీసపు అక్షరాలు ఏరి ఏరి వేళ్ళు బూడిదరంగుకు తిరిగాయి. అందుకని అందరూ అతన్ని సీసం అంటారు. రెండోవాడు చచ్చిపోయిన గుమాస్తాకు తమ్ముడు. క్వారీలో రాళ్ళు కొడతాడు. చేతిలో సమ్మెట ఉంది. ఇనుము మీద ఒక పక్క నెత్తురు ఎండి ఉంది.

గడియ వేస్తూనే రాళ్ళవాడు చేసిన మొదటి పని టెలిఫోను పగలగొట్టడం. ఒక్క దెబ్బకు అది నల్లటి పెంకులైంది. రెండో పని, అక్షరాల అర ఒకటి గూట్లోంచి లాగి నేలమీద కుమ్మరించడం. సీసం గుండె గతుక్కుమంది. టెలిఫోనుకు కాదు, అక్షరాలకు. వాటిని మళ్ళీ గళ్ళలో సర్దాలంటే రెండు రోజులు.

“ఈ నెత్తురు ఎవరిదో అడగవేం?” అన్నాడు రాళ్ళవాడు.

సీసం చూపు నేలమీది అక్షరాల మీదే ఉంది.

“మా అన్నను పొడిచింది ఇద్దరు. ఒకడు క్వారీ గుంటలో నీళ్ళ కిందున్నాడు. రెండోవాడు ఊరు దాటాడు. వాడెక్కడికి పోతాడులే. అయినా వాళ్ళు ఉత్త కత్తులు, పెద్దాయనా. కత్తికి ఇల్లెక్కడో తెలీదు. ఎవడో చెప్పాలి.”

“బాబూ, ముందు కూర్చో.”

“కూర్చోడానికి రాలేదు. మా అన్న ప్రతి లారీనీ రెండుసార్లు తూచేవాడు. ఒక్కసారి తూచి నమ్మితే మనిషి మోసపోతాడనేవాడు. నేనూ రెండుసార్లు తూచే కొడతాను. మా ఇంటి నంబరు అచ్చులో ఎవరు వేశారు?”

“నేనే.”

“నువ్వే కూర్చావు. అది గోడనడిగినా చెబుతుంది. వెయ్యమన్నదెవరు?”

“ఎవరూ అనలేదు. కోర్టు కాగితం ఉన్నది ఉన్నట్టు వేస్తాం. అక్షరం తియ్యం, అక్షరం కలపం. అది మా పద్ధతి.”

“మీ బావ చూళ్ళేదా?”

“చూళ్ళేదు.”

పైన చెక్కనేల కిర్రుమంది. రాజధానినుంచి నిన్న వచ్చిన బావ అటూ ఇటూ తిరుగుతున్నాడు. పెట్టె సర్దుకుంటున్నాడు కాబోలు. పదిన్నరకు కారు వెనక వీధిలోకి వస్తుంది. వెనక మెట్లు దిగి బావా, అక్కా వెళ్ళిపోతారు. ఈ అరగంట ఎలాగో నెట్టుకొస్తే చాలు. తర్వాత తన తల ఏమైనా కానీ. సీసం లెక్క అది.

రాళ్ళవాడు గోడ వైపు చూశాడు. “మీ పేపర్లో సంతకం లేని అక్షరం ఉండదట కదా. మీ బావ మా క్వారీకొచ్చి మైకులో చెప్పాడు. నేను చప్పట్లు కూడా కొట్టాను. ఆ సంతకం పెట్టిన కాగితమేదీ?”

కూర్చిన అక్షరాలను ముందుగా ఒక కాగితం మీద అచ్చు తీసి చూస్తారు. అదే ప్రూఫు. ప్లీడరు గారు దాన్ని చదివి, తప్పులు దిద్ది, కింద సంతకం పెట్టాకే మిషను తిరగాలి. ఆ ప్రూఫులన్నీ గోడకున్న ఇనుప ఊచకు గుచ్చి నెలరోజులు ఉంచుతారు. ఇరవై ఏళ్ళలో ఈ పద్ధతి ఒక్కరోజు కూడా తప్పలేదని ఊరంతా చెప్పుకుంటుంది.

“వెతకాలి,” అన్నాడు సీసం.

రాళ్ళవాడు అతని మెడ పట్టుకుని గోడ దగ్గరికి ఈడ్చాడు. ముఖం ఊచకు బెత్తెడు దూరంలో ఆపాడు. “వెతుకు. కన్ను జాగ్రత్త.”

సీసం వెతకనక్కర్లేదు. ఆ కాగితం ఎక్కడుందో అతనికి నిద్రలో అడిగినా తెలుసు. మూడు రోజులుగా దాన్ని తీసి పొయ్యిలో వేద్దామనుకుంటూనే ఉన్నాడు. ప్రెస్సులో పుట్టిన కాగితాన్ని ప్రెస్సువాడు చింపలేడు. అదొక జబ్బు. తీసి ఇచ్చాడు.

“ఇదిగో, సంతకం ఉందిగా,” అన్నాడు రాళ్ళవాడు. “అంటే చూశాడు. చూసే పెట్టాడు.”

“ఆయన చూసినప్పుడు నంబరు లేదు. తర్వాత నేను కలిపాను.”

“అక్షరం కలపం అన్నావు కదా ఇప్పుడే?”

అబద్ధానికి అలవాటు కావాలి. సీసానికి లేదు. ఇంట్లో ఆ పని బావ చూసుకునేవాడు, అదీ కోర్టులో.

ప్రెస్సు మధ్యలో పేజీలు బిగించే రాతిబల్ల ఉంది. అద్దంలాంటి నల్లరాయి. రాళ్ళవాడు దాన్ని అరచేత్తో నిమిరాడు. “మంచి రాయి. చెక్కినవాడు పనిమంతుడు,” అన్నాడు. అని, సీసం ఎడమచెయ్యి లాగి దానిమీద పరిచాడు. మోచేత్తో మణికట్టు అదిమిపట్టాడు.

“ఒక అబద్ధానికి ఒక వేలు. పది అబద్ధాల దాకా నీకు భయం లేదు.”

“బాబూ, ఇవి నా బతుకు. ఈ వేళ్ళు...”

“మా అన్నకు గొంతు కూడా బతుకే.”

సమ్మెట ఎత్తు నుంచి పడలేదు. జానెడు పైనుంచి పడింది. చాలు. చిటికెన వేలు రాతి మీద పిండయింది. సీసం అరవలేదు. నోరు తెరిచాడు గానీ గాలి లేదు. ఒక ముక్క ఎముక తెల్లగా ఇంకు డబ్బా మీద పడి ఉండడం కనిపించింది. అది తనదేనని తెలియడానికి కొంచెంసేపు పట్టింది.

రాళ్ళవాడు అతన్ని వదల్లేదు. ఎడంచేత్తో ప్రూఫు ఎత్తి కిటికీ వెలుతురుకు పట్టాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు.

“నాకు చదువు రాదు పెద్దాయనా. కానీ క్వారీలో కొట్టిన రాయి మీద ఒకడు సున్నంతో గుర్తు పెడతాడు. ఇంకొకడు దొంగతనంగా దానిమీద బొగ్గుతో గీసి, రాయి నాదంటాడు. ఏది కింద ఉంది, ఏది పైన ఉంది అని చూసి తేలుస్తాం. చూడకపోతే నా కష్టం ఇంకొకడి ఖాతాలో పోతుంది.” వేలితో కాగితం కిందిభాగం చూపించాడు. “ఇది మీ బావ పెన్ను. నీలం. ఇది మీ అచ్చు. నలుపు. నలుపు నీలం మీదుగా పోయింది. సంతకం ముందు. అచ్చు తర్వాత. ఉత్త కాగితం మీద సంతకం పెట్టాడు మీ బావ.”

సీసం కళ్ళు మూసుకున్నాడు. మూడు రోజులుగా అతను భయపడింది జడ్జికి, పోలీసుకు, చదువుకున్నవాడికి. సంతకం రానివాడు దీన్ని పట్టుకుంటాడని కలలో కూడా అనుకోలేదు.

“ఉత్త కాగితం మీద వేలిముద్ర వెయ్యకండిరా అని మాకు చెప్పింది ఆయనే,” అన్నాడు రాళ్ళవాడు. “కాంట్రాక్టరు ఇస్తే మొహాన కొట్టండి అన్నాడు. కొట్టాం కూడా. దెబ్బలు తిన్నాం. ఇది రెండో అబద్ధం, పెద్దాయనా. చూళ్ళేదు అన్నావు, కలిపాను అన్నావు. చూడ్డానికి అసలు అక్కడ ఏముంది?”

సమ్మెట మళ్ళీ పడింది. ఉంగరపు వేలు. ఈసారి గాలి ఉంది. ఆ అరుపు పైకప్పును తాకింది.

పైన కిర్రుమంటున్న చప్పుడు ఆగిపోయింది.

“బావా, రాకు!” అని సీసం అరిచాడు. అరిచాక తెలిసింది, రమ్మన్నట్టే అయిందని.

లోపలి మెట్లమీద అడుగులు. బావ దిగి వచ్చాడు. కొత్త కోటు వేసుకున్నాడు. ఒక కాలికే బూటుంది. రెండోది చేతిలోనే ఉంది. రాతిబల్ల చూశాడు, చెయ్యి చూశాడు, సమ్మెట చూశాడు. బూటు మెల్లగా మెట్టుమీద పెట్టాడు. భయపడ్డాడని చెబితే అబద్ధమవుతుంది. జైల్లో అంతకంటే పెద్దవి చూసినవాడు.

“నువ్వు కాటా గుమాస్తా తమ్ముడివి కదూ?” అన్నాడు. ఆ గొంతు వింటే జడ్జి కూడా కళ్ళజోడు సవరించుకునేవాడు. “మీ అన్న నాకు ఇంట్లో మనిషి. నీ బాధ నాకు తెలుసు. దాన్ని కింద పెట్టు బాబూ. మాట్లాడుకుందాం.”

“ఒకటే మాట. ఈ సంతకం నీదా?”

బావ ప్రూఫు అందుకున్నాడు. కళ్ళజోడు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. నీలం మీద నలుపు ఆయనకూ కనిపించింది. కనిపించిందని సీసానికి తెలిసింది. ఆయన ఎడమ కనుబొమ్మ అలా ఎగిరిందంటే, కేసులో మెలిక దొరికిందన్నమాటే.

“నాది కాదు,” అన్నాడు బావ.

ప్రెస్సులో నెత్తురు బల్ల అంచునుంచి కారే చప్పుడు వినిపించింది.

“నాలాగే ఉంది. నాది కాదు. ఇరవై ఏళ్ళుగా రోజూ నా సంతకం చూసేవాడికి దాన్ని దించడం ఎంతసేపు? ఆదివారం నేను ఊళ్ళో లేను. రైలు టికెట్టు ఉంది, చూపిస్తాను.” బావ ఇదంతా రాళ్ళవాడితో అన్నాడు. సీసం వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

సీసానికి వేళ్ళ నొప్పి ఎక్కడికో పోయింది. ఆదివారం సాయంత్రం గుర్తొచ్చింది. ప్రమాణపత్రం కూర్చుతూ డోరు నంబరు దగ్గర చెయ్యి ఆగింది. రాజధానికి ఫోను చేశాడు.

“బావా, ఇందులో గుమాస్తా ఇంటి నంబరుంది. తీసేయనా?”

“తీస్తే రేపు సభలో ఏమంటారో తెలుసా? ఇలాంటి మనిషే లేడు, ప్లీడరు పుట్టించాడంటారు. ఉంచు,” అన్నాడు బావ.

“ప్రమాదమేమో బావా.”

“పోలీసు కాపలా సంగతి నేను చూస్తాను. నువ్వు ఉంచు. సొరుగులో సంతకం చేసిన కాగితాలున్నాయి కదా, ఒకటి తీసి కానిచ్చెయ్.”

సీసం కానిచ్చేశాడు. కాపలా రాలేదు. సోమవారం రాలేదు, మంగళవారం పొద్దున శవం దగ్గరికి వచ్చింది.

ఈ ఫోను మాటను అతను తనతోపాటు పాతిపెడదామనుకున్నాడు. రెండు వేళ్ళు ఇచ్చాడు. మిగతా ఎనిమిదీ ఇచ్చేవాడే. తోలు మండీలో చర్మాలు మోసే తనను తెచ్చి, అక్షరాలు నేర్పించి, ఫోర్‌మన్ అని పిలిచింది బావ. అక్క మొగుడు. రేపటి మంత్రి. అలాంటి మనిషి తన కళ్ళెదుట తనను నిలువునా ముంచేశాడు. అది కూడా ఎంత తేలిగ్గా! మర్డరు కేసులో ఎదుటి సాక్షిని ముంచినంత తేలిగ్గా.

“రెండుసార్లు తూచాను,” అన్నాడు రాళ్ళవాడు. “ఒకసారి ఆయన తూగాడు. ఇంకోసారి నువ్వు తూగుతున్నావు. పెద్దాయనా, ఏమంటావు? ఈసారి వేలు కాదు.” సమ్మెట సీసం తల ఎత్తుకు లేచింది.

అప్పుడే వీధి తలుపు దబదబలాడింది.

“సార్! కారు సిద్ధం సార్. లోపల ఏదో అరుపు వినిపించింది?” కాపలాకు వచ్చిన ఇన్‌స్పెక్టరు గొంతు. నలుగురు పోలీసులున్నట్టు బూట్ల చప్పుడు.

రాళ్ళవాడు బావ నోరు మూయలేదు. పైగా ప్రూఫు ఆయన చేతిలోంచి లాక్కుని ఊపాడు. “పిలువు. లోపలికి రమ్మను. వాళ్ళకూ చూపిద్దాం. పోలీసుల దగ్గర భూతద్దం ఉంటుందటగా?”

బావ తలుపు చూశాడు. కాగితం చూశాడు. ఒక్క కేక వేస్తే చాలు, తలుపు బద్దలవుతుంది.

“ఏం లేదు ఇన్‌స్పెక్టర్ గారూ,” అన్నాడు. గొంతు వణకలేదు. “మిషను మరమ్మతు జరుగుతోంది. అరగంటలో వస్తాను. మీరు వెనక వీధిలో ఉండండి.”

బూట్లు దూరమయ్యాయి.

“నా వేళ్ళు మిషనా, బావా?” అన్నాడు సీసం.

బావ కాగితం మీదినుంచి చూపు తిప్పలేదు. రాళ్ళవాడు మాత్రం నవ్వాడు. నవ్వులాంటిదేదో చేశాడు. “చూశావా పెద్దాయనా! నా సమ్మెట కంటే ఆయనకు ఈ కాగితమంటేనే భయం. నా తూకం అయిపోయింది.”

“కాలేదు,” అన్నాడు సీసం. “ఆ మూల బల్ల సొరుగు. తాళం పగలగొట్టు.”

“ఒరేయ్!” అన్నాడు బావ.

ఒక్క దెబ్బకు సొరుగు ముందుపలక ఊడి వచ్చింది. లోపల కాగితాల కట్ట. అన్నీ తెల్లవి. ఒక్కొక్కదాని అడుగునా నీలం సంతకం. చదువు రానివాడికి కూడా ఒకే చేతి మెలిక అని తెలిసిపోయేట్టు వరసగా ఉన్నాయి.

“ఇవన్నీ నువ్వే దించావా?” అని అడిగాడు రాళ్ళవాడు.

“నా చేతిరాత కోడి గీరినట్టుంటుంది బాబూ. అంత సోకు నాకెక్కడిది?”

బావ కట్ట మీదికి దూకాడు. యాభై ఏళ్ళ మనిషి అంత చురుగ్గా దూకుతాడని సీసం అనుకోలేదు. రెండు కాగితాలు చేతికి చిక్కాయి, నోట్లో కుక్కుకోబోయాడు. రాళ్ళవాడు సమ్మెట పిడితో మూతిమీద పొడిచాడు. పన్ను ఒకటి విరిగి రాతిబల్ల మీద టకటకమని దొర్లింది. రేపు ప్రమాణం చేయవలసిన నోట్లోంచి నెత్తురు కొత్త కోటు మీదికి కారింది. బావ అక్షరాల మధ్య నేలమీద చతికిలబడ్డాడు. రాళ్ళవాడు జుట్టు పట్టుకుని తల వెనక్కి విరిచి, నోట్లోని కాగితం వేళ్ళతో లాగేశాడు. పిల్లాడి నోట్లోంచి మట్టి తీసినట్టు.

“ఏమిటిది? ఏం జరుగుతోంది ఇక్కడ?”

మెట్లమీద అక్క. చేతిలో మడతపెట్టిన చొక్కా ఉంది. ముందు మొగుణ్ణి చూసింది. తర్వాత తమ్ముడి చెయ్యి చూసింది. చొక్కా చించి, పరుగున వచ్చి ఆ చేతికి చుట్టింది. ఆమె ఏడవలేదు. పేపరు పెట్టిన తొలి మూడేళ్ళూ జీతానికి మనుషులు లేక ఆమె కూడా ఈ అరల ముందు నిలబడి అక్షరాలు కూర్చింది. ఈ ఇంట్లో తిరగబడి ఉన్న సీసపు అక్షరాన్ని అచ్చు తీయకుండా చదవగలిగేది ఇద్దరే. అక్క, తమ్ముడు. బావకు ఇరవై ఏళ్ళైనా ఆ విద్య అబ్బలేదు.

నేలమీద చెల్లాచెదరైన కాగితాలు చూసింది. “ఈ సంతకాలు ఎవరివి?”

“నువ్వు పైకి వెళ్ళు,” అన్నాడు బావ, మూతి తుడుచుకుంటూ.

“ఎవరివని అడిగాను.”

బావ తల తిప్పుకున్నాడు.

రాళ్ళవాడు తెల్లకాగితం ఒకటి రాతిబల్ల మీద పరిచాడు. నెత్తురు అంటకుండా మోచేత్తో చోటు తుడిచి మరీ పరిచాడు. “పెద్దాయనా, నేను బయటికెళ్ళి చెబితే ఎవడూ నమ్మడు. హంతకుణ్ణి. మా అన్న మాట నమ్మడానికే ఇంటి నంబరు కావలసి వచ్చింది. దీనిమీద మీ బావ సంతకం ముందే ఉంది. నిజమేదో దానిమీద అచ్చెయ్యి. నీ నోటికి అబద్ధం అలవాటు చెయ్యాలని చూశావు, రాలేదు. నీ వేళ్ళకేం వచ్చో చూస్తాను.”

“నీకు చదువు రాదుగా?”

“ఈ అమ్మ చదువుతుంది. ఏం తల్లీ, చదువుతావా?”

అక్క తమ్ముణ్ణి చూసింది. “చదువుతాను,” అంది.

అక్షరాలు పేర్చుకునే ఇనుప పట్టీని కంపోజిటరు ఎడమచేత్తో పట్టుకోవాలి. సీసానికి ఇప్పుడు ఎడమచెయ్యి పనిచెయ్యదు. అక్క పట్టీ తీసుకుని అతని పక్కన నిలబడింది. అతను కుడిచేత్తో అరల్లోంచి అక్షరాలు తీసి అందులో పెట్టసాగాడు. వేళ్ళు చూడకుండానే గళ్ళు వెతుక్కున్నాయి. చెయ్యి దారి తప్పలేదు.

“ఒరేయ్, నా మాట విను,” అన్నాడు బావ నేలమీదినుంచి. విరిగిన పంటి సందులోంచి మాట ఈలలా వచ్చింది. “రేపు నేను ఆ కుర్చీలో కూర్చుంటే క్వారీ కూలీలకు చట్టం తెస్తాను. రాసిపెట్టుకున్నాను, పైన పెట్టెలో ఉంది. వందలమంది బతుకుతారు. ఒక్కడి కోసం...”

“ఆ ఒక్కడు మా అన్న,” అన్నాడు రాళ్ళవాడు.

“నాకు తెలియదా? నాకు బాధ లేదా? ఒరేయ్, మీ అక్క మొహం చూడు. ఆమె ఎక్కడికి పోతుంది?”

సీసం ఆగాడు. ఆ మాట తగిలింది. అక్క పట్టీని అతని వైపు ఇంకొంచెం జరిపింది.

“నా సంగతి నేను చూసుకుంటాను. నువ్వు కానివ్వు,” అంది.

మళ్ళీ టిక్, టిక్. సీసం మీద సీసం. కాగితం మీద సంతకం బావది కాబట్టి బావ మాటగానే కూరుస్తున్నాడు. అక్క చదువుతోంది.

“సాక్షి... ఇంటి నంబరు... తీసేయనా అని... మా ఫోర్‌మన్... ఆదివారం ఫోనులో... నన్ను అడిగాడు.”

బావ లేచి నిలబడ్డాడు. ముఖంలో రంగు పోయింది. ఉత్త కాగితం మీద సంతకం ఒక తప్పు. దానికి కోర్టులో దారులున్నాయి. ఇదేమిటో ఆయనకు తెలుసు. దీనికి దారి లేదు.

“ఫోనా?” అన్నాడు రాళ్ళవాడు. అతని మొహం ఒక్కసారిగా మారిపోయింది. “అడిగావా? నువ్వు ముందే అడిగావా? చెప్పు తల్లీ, తర్వాత ఏముంది?”

అంతలో వీధి తలుపు మళ్ళీ అదిరింది. ఈసారి పిలుపు లేదు. భుజాలతో మోదుతున్నారు. ఇన్‌స్పెక్టరుకు మరమ్మతు కబురు నచ్చలేదన్నమాట. గడియ మేకు ఒకటి ఊడి ఎగిరింది. రాళ్ళవాడు సమ్మెట రాతిబల్ల మీద పడేసి పరిగెత్తాడు. అచ్చుకు తెచ్చి పెట్టిన బరువైన కాగితపు కట్టలను రెండు చేతులా ఎత్తి తలుపుకు అడ్డంగా పేర్చి, వీపు ఆనించి నిలబడ్డాడు. ప్రతి మోతకూ అతని తల ఊగుతోంది. “చదువు తల్లీ! ఆపకు!”

సీసం వెనక్కి చూడలేదు. ఇంకో ఐదు మాటలే ఉన్నాయి. అక్షరం తర్వాత అక్షరం పట్టీలో పడుతోంది.

“వద్దు... ఉంచు... అని...” అక్క పట్టీ మీదికి వంగింది. “నేనే...”

ఆఖరి మాటకు అక్షరం తక్కువైంది. అర నేలమీద కుమ్మరించి ఉంది కదా. సీసం వంగి నెత్తురులో తడిమాడు. దొరికింది. బొటనవేలితో తుడిచి, లేచి, పట్టీలో పెట్టబోయాడు.

అక్క పట్టీ చూడడం లేదు. ఆమె చూపు అతని భుజం మీదుగా వెనక్కి పోయింది. రాతిబల్ల వైపు. బల్ల మీద ఇప్పుడు సమ్మెట లేదు. ఒంటి బూటు అడుగు ఒకటి, వట్టి పాదం అడుగు ఒకటి, అతని వీపు వెనక దాకా వచ్చి ఆగాయి.

ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఈ పూట దాకా మొగుడికి ఎదురు మాట చెప్పని మనిషి, ఊరంతా వినేట్టు అరిచింది.

“తమ్ముడూ, తల వంచు!”